చెప్పులు విడిచిన తెర

దుప్పటి కప్పుకున్నావా? కాళ్ళు కూడా లోపల పెట్టుకో. ఈ కథ వినేటప్పుడు కాళ్ళు బయట ఉండకూడదు.

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికి ఏడాదికోసారి తిరనాళ్ళు. ఆ తిరనాళ్ళలో మురీలు, అవే మరమరాలు, అమ్ముకునే ఒక అమ్మకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది నూకాలు, చిన్నది బంగారి. నూకాలుకి లోకమంతా చూడాలని ఒకటే పిచ్చి. గోడ మీది క్యాలెండర్లో తాజ్‌మహల్ బొమ్మని చూస్తూ అన్నం తింటూ, ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా మర్చిపోయేది. బంగారికి మాత్రం లోకమంటే అక్కే. అక్క పాత చెప్పులే దాని చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ తెగితే అమ్మ పిన్నీసు పెట్టింది.

ఆ ఏడు నూకాలుకి బకిల్ ఉన్న కొత్త చెప్పులు కొన్నారు. పొద్దు వాలుతుంటే అమ్మ ఇద్దరినీ తిరనాళ్ళు చూసి రమ్మని పంపింది. "చెల్లి చెయ్యి వదిలావంటే ఊరుకోను" అంది.

రంగులరాట్నం వెనకాల జనం పలచబడ్డ చోట ఒక డేరా ఉంది. లోపల ఒక బక్కపలచని మనిషి, మూడు కాళ్ళ కెమెరా, గోడంత తెర. తెర కింది అంచు నేల మీద పరిచి ఉంది. ఆ ఒక్క తెర మీదే లోకమంతా గీసి ఉంది. ముందు తాజ్‌మహల్, దాని వెనక పిరమిడ్లు, ఇంకా దూరాన సూదంత ఈఫిల్ టవర్.

"డబ్బులొద్దమ్మా. సెప్పులిడిసి ఎక్కండి, సాలు. తెర మాసిపోతాది" అన్నాడు ఆ మనిషి.

తెర పక్కన చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. పిల్లలవి, పెద్దవాళ్ళవి, దుమ్ము పట్టినవి. మరి ఇన్ని చెప్పులుంటే మనుషులేరీ? నూకాలుకి ఆ ఊహే రాలేదు. దాని కళ్ళన్నీ తాజ్‌మహల్ మీదే ఉన్నాయి.

బంగారి టక్కున చెప్పులు వదిలేసి తెర అంచు మీద నిలబడింది. నూకాలు బకిల్ మాత్రం ఊడలేదు. ఒంటి చేత్తో లాగింది, రాలేదు. అప్పుడు చెల్లి చెయ్యి వదిలి, వంగి, రెండు చేతులతో లాగింది. అంతలో కెమెరా మెరిసింది. తలెత్తి చూస్తే బంగారి లేదు.

"మా చెల్లేదీ?"

"ఏ సెల్లమ్మా? నువ్వొక్కర్తివే వచ్చావు గదా."

కానీ పిన్నీసు పెట్టిన చెప్పులు అక్కడే ఉన్నాయి కదా! నూకాలు మళ్ళీ తెర వంక చూసింది. ఈఫిల్ టవర్ కింద, ఇందాక లేని చిన్న పసుపు చుక్క ఒకటి కనిపించింది. బంగారి గౌను పసుపుదే.

నూకాలు ఇంకేం ఆలోచించలేదు. చెల్లి చెప్పులు చంకలో పెట్టుకుని, తన చెప్పులతోనే తెర మీద కాలు వేసింది. "సెప్పులతో ఎక్కకు! ఎక్కకూ!" అని ఆ మనిషి కీచుమని అరిచాడు. అప్పటికే అది లోపలికి వెళ్ళిపోయింది.

ముందు తాజ్‌మహల్ వచ్చింది. ఎంత అందమో! కానీ గాలి లేదు, చప్పుడు లేదు. మెట్ల నిండా మనుషులు, ఒట్టి కాళ్ళతో, ఒకే వైపు చూస్తూ, నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఎవరూ రెప్ప వెయ్యడం లేదు. ఒక ముసలమ్మ పెదవి కదపకుండా అడిగింది. "ఫొటో తీసేసారేటమ్మా? నవ్వి నవ్వి దవడలు పీకేస్తన్నాయి."

ఆ తర్వాత పిరమిడ్లు వచ్చాయి. అక్కడ ఒంటె మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఉన్నారు. బాసికాలు రంగు వెలిసిపోయాయి. "మావోళ్ళు బయట బండి కట్టి ఉంచారు, ఒక్క నిమిషంలో వస్తామని చెప్పమ్మా" అన్నాడు పెళ్ళికొడుకు.

ఆ తర్వాత ఈఫిల్ టవర్. దాని కింద బంగారి నవ్వుతూ నిలబడి ఉంది. "బంగారీ!" అంటే పలకదు. పాదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, ఆ తెలుపు మెల్లగా పైకి పాకుతోంది. నూకాలు ఏడుస్తూ చెల్లికి కుడి చెప్పు తొడిగింది. ఆ పాదానికి రంగు తిరిగొచ్చింది. ఎడమ చెప్పు తొడగబోతే పిన్నీసు ఊడి, పట్టీ తెగిపోయింది.

అప్పుడు నూకాలు తన ఎడమ చెప్పు బకిల్ పంటితో కొరికి తెంపింది. దాన్ని చెల్లికి తొడిగి, తన ఒట్టి కాలు చటుక్కున పైకెత్తింది. బంగారి రెప్ప వేసింది. "అక్కా, ఆకలేస్తోంది" అంది.

తొక్కుడుబిళ్ళ ఆటలో నూకాలుని ఓడించినవాళ్ళు ఆ వీధిలోనే లేరు. చెల్లి చెయ్యి పట్టుకుని ఒంటికాలి మీద గెంతుకుంటూ ఇసక దాటింది, ఒంటె దాటింది. తాజ్‌మహల్ దగ్గర మాత్రం ఒక్కసారి తూలింది. బొటనవేలు ఆ పాలరాతికి తగిలిందో లేదో, జివ్వుమని చలి ఎక్కింది. అయినా చెయ్యి వదల్లేదు.

బయటికొచ్చి ఏం చేసిందో తెలుసా? ఆ గుట్టలోని చెప్పులన్నీ తెరలోకి విసిరేసింది. తెర ఉబ్బింది. ఒక్కొక్కరే దవడలు నిమురుకుంటూ దిగి వచ్చారు. పెళ్ళివాళ్ళ కోసం బయట ఏ బండీ లేదు. ఎక్కడికెళ్ళాలో తెలీక ఆ ఇద్దరూ తిరనాళ్ళ దీపాల వంక చూస్తూ నిలబడిపోయారు.

కెమెరా మనిషి ఎవరినీ ఆపలేదు. గుట్ట ఉన్న చోట చతికిలబడి నేలంతా తడుముతున్నాడు. అతని పాదాలు చీలమండల దాకా తెల్లగా ఉన్నాయి. "అన్నీ అయిపోనాయా? నా జత లేదేటమ్మా?" అన్నాడు.

ఇద్దరూ పరుగున వెళ్ళి అమ్మ ఒళ్ళో పడ్డారు. కొత్త చెప్పు తెంపినందుకు నూకాలుకి రెండు తగిలాయి. అమ్మకి ఏం తెలుసు, పాపం!

నూకాలు బొటనవేలు మాత్రం ఎన్ని వేసవులొచ్చినా చల్లగా, తెల్లగానే ఉండిపోయింది. చాలా ఏళ్ళకి అక్కాచెల్లెళ్ళు నిజం తాజ్‌మహల్ చూడ్డానికి వెళ్ళారు. అక్కడ చెప్పులు విడిచి ఎక్కమన్నారు. నూకాలు కాళ్ళు కదల్లేదు. వేలు సలపడం మొదలెట్టింది.

అప్పుడు బంగారి రెండు జతలూ తీసుకుని ఒళ్ళో పెట్టుకుని మెట్ల కింద కూర్చుంది. "నేను తర్వాత చూస్తాలే. నువ్వెళ్ళి కళ్ళారా చూసి రా అక్కా. చెప్పులు నా దగ్గరే ఉంటాయి" అంది. నూకాలు కళ్ళు తుడుచుకుని మెట్లెక్కింది.

అక్క తిరిగొచ్చేదాకా బంగారి ఆ ఒడి విప్పలేదు. ఎందుకంటే, పక్కనే యాత్రికుల చెప్పుల మధ్య ఒక బక్కపలచని మనిషి కూర్చుని, ఒక్కొక్క జతా కాలికి పెట్టి చూసుకుంటున్నాడు.

కథేమో కంచికి,
చెప్పులేమో గుమ్మానికి,
చెయ్యేమో నా చేతికి,
నువ్వేమో నిద్దరకి.

కాళ్ళు లోపల పెట్టుకోమన్నానా!