గౌరీసు చేసిన చక్రాల జాకీ

అనగా అనగా ఒక కొండ. కొండ మీదికి ఒక ఘాటీ రోడ్డు. ఆ ఘాటీ మొదట్లో ఒక రేకుల షెడ్డు. ఎప్పటి సంగతని నన్నడక్కండి, ఆ లెక్క నాకూ తెలీదు. లారీలకి ముందు పొడుగాటి ముక్కులుండేవి. హేండిల్ పెట్టి తిప్పితే తప్ప స్టార్టయ్యేవి కావు. అదిగో, అప్పటి మాట. ఊఁ కొట్టేవాళ్ళు కొట్టండి, నిద్దరొచ్చినవాళ్ళు పక్కకి జరగండి.

షెడ్డు కామునాయుడిది. ఇంజిను పని నాయుడు చేసేవాడు. బోల్టులు విప్పడం, బిగించడం పోతయ్య పని. మరి గౌరీసు పనేటి? మొయ్యడం. అంతే.

చక్రమైతే నెత్తి మీద మోసేవాడు. ఇరుసైతే భుజం మీద మోసేవాడు. గేర్‌బాక్సు అయితే గుండె మీద మోసేవాడు. గుండె మీదేటి అంటారా? వినండి మరి. అప్పట్లో జాకీ అంటే మర జాకీ, నిలువుగా ఉండే ఇనప మొద్దు. లారీని పైకి లేపడానికి అదుండేది. లారీలోంచి గేర్‌బాక్సు కిందికి దింపడానికి మాత్రం ఏదీ ఉండేది కాదు. ఒక మనిషి లారీ కింద వెల్లకిలా పడుకోవాలి. పైన బోల్టులు విప్పితే అది వచ్చి వాడి గుండె మీద కూర్చోవాలి. వాణ్ణి కాళ్ళు పట్టుకుని, బరువుతో సహా బయటికి లాగాలి. ఆ పడుకునేవాడు గౌరీసు.

"గౌరీసూ, రారా, మోత!" అని నాయుడు కేకేసేవాడు. గౌరీసు వచ్చేవాడు, మోసేవాడు, ఊరుకునేవాడు.

ఒకరోజు ఆఖరి బోల్టు జారిపోయింది. గేర్‌బాక్సు దిగడం కాదు, పడింది. గౌరీసు పక్కటెముకలు మూడు విరిగేయి. నాయుడు చెడ్డవాడేం కాదు. కట్టు కట్టేవాణ్ణి పిలిపించేడు, బియ్యం పంపించేడు. కానీ లారీలు ఆగుతాయా? ఇకమీదట గుండె మీద మొయ్యడానికి ఇంకొకడు కావాలి. మళ్ళీ గేర్‌బాక్సు దించే లారీ వస్తే పోతయ్యని పడుకోమన్నాడు.

ఈ పోతయ్య ఎవరో చెప్పలేదు కదూ. గౌరీసు పెళ్ళాం నూకాలుకి తోడబుట్టిన అన్న. ఆ కబురు విని నూకాలు మొగుడి మంచం పక్కన కూలబడింది.

"మావా, నీ డొక్క పోయింది. సరే, మన రాత అనుకున్నాను. ఇప్పుడు మా అన్న పడుకుంటాడట. నాకున్నది ఒక్కడే అన్న. ఆణ్ణి కూడా ఇలాగే మంచానేసి నాకు చూపిస్తారేటి?"

"నానేటి సెయ్యగల్ను నూకాలూ? సదువా, సంధ్యా?"

"సదువుకున్నోడికి బరువేటి తెలుస్తాది? బరువు సంగతి నీకంటే ఎవుడికి తెలుసు?"

ఆ మాట గౌరీసుకి గట్టిగా తగిలింది. తొమ్మిదో రోజుకే కట్టు మీద కట్టు బిగించుకుని లేచేడు. మనిషి బదులు బరువు మోసేదొకటి చేద్దామని షెడ్డు వెనక పాతసామాను కుప్పలో కూర్చున్నాడు.

మొదటిసారి తుమ్మచెక్కతో చక్రాలు చేసి, పైన పలక కొట్టి, పలక మీద మర జాకీ ఎక్కించేడు. గట్టిదనం చూద్దామని లారీ కింద పెట్టేడు, బరువు పడగానే చక్రాలు ఫెళ్ళున చీలిపోయేయి. నాయుడు పొట్ట పట్టుకుని నవ్వేడు. "ఒరే, జాకీకి పల్లకీ చేసేవేట్రా!"

గౌరీసు రెండోసారి పాత నూతి గిలకలు నాలుగు తెచ్చేడు. గట్టి ఇనుము. వాటి మీద పొట్టి బండి కట్టేడు. బండికి ఒక ఇనప చెయ్యి పెట్టేడు. చెయ్యి చివర గిన్నె, చెయ్యి మొదట్లో పళ్ళచక్రం, వెనక పొడుగాటి గెడ. గెడ నొక్కితే పళ్ళచక్రం ఒక పన్ను తిరుగుతుంది, చెయ్యి ఒకింత పైకి లేస్తుంది. టక్కు, టక్కు, టక్కు. ఇంకేం, గేర్‌బాక్సుని ఎవరూ మొయ్యక్కర్లేదు, మనిషిని పడుకోబెట్టక్కర్లేదు. దొర్లించుకుపోవడమే. అందరూ మూగేరు.

ఇక్కడే వచ్చింది తంటా. ఘాటీ మనుషులకి ఒక అలవాటుంటుంది. చక్రం ఆగిందా, దాని ముందూ వెనకా రాయి పెట్టాలి. తల్లి కడుపులోంచే నేర్చుకునొస్తారు ఆ పని. పెట్టకపోతే లారీ లోయలో ఉంటుంది మరి. గౌరీసూ ఘాటీ మనిషే. లారీ చక్రాలకి రాళ్ళు పెట్టేడు, బాగుంది. తన జాకీ చక్రాలకి కూడా పెట్టేడు. గెడ నొక్కేడు. టక్కు, టక్కు అని లారీ లేచింది. మూడో టక్కుకి గిన్నె పక్కకి జారింది, జాకీ తప్పుకుంది, లారీ ధడాలున పడింది. కింద ఎవరూ లేరు, బతికిపోయేరు.

నాయుడికి ఒళ్ళు మండిపోయింది. "పోతయ్య దాని కింద ఉంటే? ఎవుడి ప్రాణం తీద్దావనిరా? మోతగాడివి మోతగాడిలా ఉండు!" అని ఆ జాకీని తీసి జిల్లేడు పొదల్లోకి గెంటించేడు.

గౌరీసు ఇంటికెళ్ళి చాప మీద కూర్చున్నాడు. కళ్ళంట నీళ్ళొచ్చేయి పాపం. ఎందుకు జారిందో తెలీదు. షెడ్డులో గేర్‌బాక్సు పోయిన లారీ ఒకటి నిలబడి ఉంది, రేపు పోతయ్య గుండె మీదికి అది దిగుతుంది. అదొక్కటీ తెలుసు.

తెల్లారింది. నూకాలు అంబలి కాచి, మొగుణ్ణి లేపడానికొచ్చింది. విరిగిన డొక్కతో నేల మీంచి తనంతట తను లేవలేడు కదా. ఉన్నచోటే నిలబడి రెండు చేతులూ పట్టి లాగింది. వాడు లేవలేదు సరికదా, తనే వాడి మీద పడబోయింది. అప్పుడు ఒకడుగు ముందుకేసి లాగింది. లేచేడు. లేచినవాడు చెయ్యి వదల్లేదు.

"నూకాలూ, నన్ను మళ్ళీ కూకోబెట్టు."

"ఎందుకు?"

"ఉన్నకాడే నిలబడి లాగు." లాగింది. లేవలేదు.

"ఇప్పుడు అడుగేసి లాగు." లాగింది. లేచేడు.

"మళ్ళీ కూకోబెట్టు."

"ఓలమ్మా, దెబ్బ డొక్కకి తగిలిందా, బుర్రకి తగిలిందా? అంబలి సల్లారిపోతంది!"

"రాళ్ళే నూకాలూ! ఆ రాళ్ళే! పడినోణ్ణి లేపాలంటే లేపేవోడు ఒకడుగు ముందుకెయ్యాల. సెయ్యి పైకి లేస్తూ వెనక్కొస్తాది, అప్పుడు బండి ముందుకు నడవాల. నాను దాని కాళ్ళకి అడ్డంగా రాళ్ళెట్టేను!"

అంబలి కూడా తాగలేదు. డొక్క పట్టుకుని షెడ్డుకి పోయేడు. "బాబూ, తెలిసింది" అన్నాడు. నాయుడు తలెత్తలేదు. "నీ జాకీకో దండం, నీకో దండం. పనిలో ఉన్నాం, పో" అన్నాడు.

అంతలోకే జరిగిపోయింది. పోతయ్య లారీ కిందికి దూరేడు. రాత్రి పడిన వానకి నేల మెత్తబడి ఉంది. మర జాకీ ఒక పక్కకి ఒరిగింది. లారీ దిగిపోయింది. వెనక ఇరుసు పోతయ్య గుండెల మీద కూర్చుంది.

చచ్చిపోలేదు. మెత్తని బురద కాబట్టి కొంచెం లోపలికి దిగేడు. కానీ ఊపిరి సగమే ఆడుతోంది. మర జాకీ ఇంకొకటి పెడదామంటే అది దూరే సందు లేదు. దుంగలు పెట్టి ఎత్తుదామంటే, జారితే ఉన్న ఊపిరీ పోతుంది. నాయుడు నెత్తి కొట్టుకుంటున్నాడు. నూకాలు పరుగెత్తుకొచ్చి రోడ్డు మీదే పడి ఏడుస్తోంది.

గౌరీసు జిల్లేడు పొదల్లోకి వెళ్ళేడు. జాకీని ఈడ్చుకొచ్చేడు. బురద మీద రేకు పరిచేడు. పొట్టి జాకీ కదా, చెయ్యి దించితే ఇరుసు కిందికి సరిగ్గా దూరింది. అది చూడగానే నాయుడు, వద్దన్నా ఆగని అలవాటు, రెండు రాళ్ళు తెచ్చి జాకీ చక్రాలకి పెట్టేడు. గౌరీసు కాలితో తన్నేసేడు. జన్మలో మొదటిసారి నాయుడికి ఎదురు చెప్పేడు.

"లారీకెట్టండి బాబూ, అన్ని సెక్రాలకీ ఎట్టండి. దీనికి మాత్రం వొద్దు."

"జారిపోద్దిరా! మనిషి చచ్చిపోతాడ్రా!"

"జారదు బాబూ. నడుస్తాది."

ఎవరి మాట వినాలి? జనం రెండుగా చీలిపోయేరు. అప్పుడు లారీ కిందనుంచి సన్నగా గొంతు వచ్చింది. "బావా... నీ మాటే... కానియ్యి."

నాయుడు గెడ పట్టబోయేడు. "నీ డొక్కలో ఎముకలు లేవు, నాను నొక్కుతాన్రా" అన్నాడు. "ఎంత నొక్కాలో నా సేతికి తెలుసు బాబూ" అన్నాడు గౌరీసు. నొక్కేడు.

టక్కు. జాకీ బెత్తెడు ముందుకి కదిలింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

టక్కు. ఇంకో బెత్తెడు నడిచింది. ఇరుసు లేచింది.

టక్కు. గౌరీసు కట్టు లోపల ఏదో విరిగింది. గెడ వదల్లేదు. "లాగండి!" అన్నాడు. పోతయ్యని కాళ్ళు పట్టుకుని బయటికి లాగేరు. పోతయ్య దగ్గేడు, ఉమ్మేడు, చెల్లెల్ని చూసి "ఏడవకే, నోర్ముయ్" అన్నాడు. బతికేడు.

గౌరీసు అక్కడే కూర్చుండిపోయేడు. దగ్గితే నెత్తురు పడింది. మళ్ళీ లేవలేదు. మంచం మీద ఆ వానాకాలం గడిపేడు గానీ దాటలేదు. నాయుడు రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. ఒకరోజు, "నీకేటి కావాల్రా?" అని అడిగేడు.

"ఎవుణ్ణీ గుండె మీద మొయ్యమనకండి బాబూ. నాకిదొక్కటే" అన్నాడు గౌరీసు. మూడో రోజు పోయేడు.

పాడె లేపుతుంటే నాయుడు వచ్చి ముందు కొమ్ము పట్టేడు. పెద్దలు గొణిగేరు. "ఇన్నాళ్ళూ నా షెడ్డు బరువంతా వాడే మోసేడు. ఈ ఒక్కసారి నన్ను మొయ్యనివ్వండి" అన్నాడు. పెద్దలు పక్కకి జరిగి దారిచ్చేరు.

తర్వాత నాయుడూ పోతయ్యా కూర్చుని ఆ జాకీ చూసి ఇంకొకటి చేసేరు, గేర్‌బాక్సు కూర్చోడానికి గిన్నె బదులు పళ్ళెం పెట్టి. ఘాటీ అవతలి షెడ్డువాళ్ళు మూడు చక్రాలతో చేసేరు. పట్నంలో పొడుగు మెడతో చేసేరు. ఎన్ని రకాలు చేసినా, మా ఘాటీలో దాని పేరు గౌరీసే. "ఆ గౌరీసుని ఇటు దొర్లించు" అంటారు. దసరాకి పనిముట్లన్నిటికీ బొట్లు పెడతారా, దీనికి మాత్రం మెకానిక్కుల పెళ్ళాలే వచ్చి పసుపు రాస్తారు. "మా వోడి మీద పడకుండా నువ్వు మొయ్యి నాయనా" అని చెప్పి మరీ వెళ్తారు. ఆ పని మొదలెట్టింది నూకాలు.

ఇంకో సంగతుంది. ఎంత పెద్ద మేస్త్రీ అయినా కానివ్వండి, తొందరపడి, జాకీ ఎవరు తెస్తారులే అని, లారీ కింద వెల్లకిలా పడుకుని గేర్‌బాక్సుకి గుండె ఒడ్డేడనుకోండి. దారినపోయేవాడైనా సరే ఆగుతాడు. వాడి కాళ్ళు పట్టుకుని బయటికీడ్చి, మొహం మీదే అడుగుతాడు:

"గౌరీసు మోసింది చాల్లేదేట్రా?"