శీకర దోసిలి

పూర్వం సాలంకాపురాన్ని ఏలిన వృద్ధరాజు ధృతమేధుడికి, తన తీర్పు తప్పు కావచ్చునన్న ఊహ ఏనాడూ కలగలేదు.

ఆయన సభకు అగ్నిసమతేజుడైన కౌశీరవ మహర్షి, ఆ మహర్షితో కాపురం విడిచి తన ప్రవాహానికి మరలిపోయిన నదీదేవత హేమవేణి, పసికూతురు శీకరను నడుమ నిలుపుకొని వచ్చి, బిడ్డ ఎవరి వద్ద పెరగాలో తేల్చమన్నారు.

"మహారాజా! ఈమె ఒకచోట నిలిచేది కాదు. బిడ్డకు విద్య చెప్పేదెవరు?" అన్నాడు మహర్షి.

"తపస్సులో కూర్చుంటే ఒంటిమీద పుట్ట లేచినా తెలియని మహానుభావులు! బిడ్డ ఆకలని ఏడిస్తే వినిపిస్తుందా స్వామీ?" అని నవ్వింది హేమవేణి.

మహర్షి శపించడానికి కమండలం ఎత్తాడు. కోట వెలుపల నది హోరుమని పొంగింది. తీర్పు ఎటు మొగ్గినా పురం శాపానికో వరదకో బలి కాక తప్పదు.

సాక్షి దోసిట నీరు పట్టి, తానెవరి పక్షమో వారి పాదాల చెంత విడవడం ఆ సభ ఆచారం. తప్పించుకొనే దారి దొరికిందనుకొన్న రాజు, "అమ్మా శీకరా! నీకెవరు కావాలో వారి ముందు నీరు విడువు" అని ఆమె దోసిట నీరు పోయించాడు.

శీకర తండ్రి వైపు అడుగు వేసి, తల్లి ముఖం చూసి ఆగింది. తల్లి వైపు తిరిగి, తండ్రి ముఖం చూసి ఆగింది. వేళ్ళ సందుల్లోంచి నీరు జారుతుంటే, ఒక్క బొట్టు ఒకరి వైపు పడినా రెండవవారు తనకిక ఉండరన్న భయంతో దోసిలిని గుండెకు హత్తుకొని, "ఎక్కడ పొయ్యాలి తాతా? చేతులు నొప్పెడుతున్నాయి" అంది.

తాను మోయవలసిన బరువును పసిచేతుల్లో పెట్టానని రాజుకు అప్పుడు తెలిసింది. సింహాసనం దిగి, మోకరిల్లి, ఆ చేతుల కింద తన దోసిలి పట్టి, "ఇందులో విడువు తల్లీ. ఈ ప్రశ్న నీది కాదు, నాది" అన్నాడు. పిమ్మట తలెత్తి, "బిడ్డ మీకెంత కావాలో విన్నాను. బిడ్డకేం కావాలో చెప్పండి" అన్నాడు.

మహర్షి కమండలం దించి, "నీటి చప్పుడు వినిపిస్తే గాని నిద్రపోదు" అన్నాడు.

"లేస్తూనే హోమధూమం వాసన కోసం వెతుక్కుంటుంది" అంది హేమవేణి, తల వంచుకొని.

"అయితే మహర్షీ, ఆశ్రమాన్ని నది ఒడ్డుకు మార్చండి. దేవీ, ఆ ఒడ్డు కోయకు. పగలు తండ్రి వద్ద, రాత్రి తల్లి వద్ద. సంధ్యవేళల్లో మీరే చేయి పట్టి అప్పగించాలి; బిడ్డ వినగా ఒకరినొకరు నిందించరాదు. ఆమె పెరిగి అవసరం మారితే ఈ తీర్పూ మారుతుంది."

అప్పుడు ధర్మదేవత ప్రత్యక్షమై వరం కోరుకొమ్మనగా, "పసివారి దోసిట సాక్షిజలం ఇక నిలువకుండుగాక" అని వేడుకొన్నాడు రాజు. "తథాస్తు" అంది ధర్మదేవత. నది తన గట్ల నడుమకు ఒదిగింది.

శీకర తడిచేతులు తండ్రి వల్కలానికి తుడుచుకొని, తల్లి చెరగు పట్టుకొని, మెల్లగా ఆకలన్నది.

ఈసారి ఇద్దరికీ వినిపించింది.