చాదర్ కొస

ఏ దేశపు యుద్ధనౌక ఏ సముద్రంలో తిరుగుతోందో కరుణాకర్ ఇంట్లో కూర్చునే పట్టేసేవాడు. పట్టిందల్లా ఫేస్‌బుక్‌లో పెట్టేవాడు. లక్షమంది చదివేవారు.

సొంత ఊరి రేవు నుంచి వెళ్ళిన ఓడ ఒకటి మాత్రం నెలన్నరగా అతనికి దొరకలేదు. అందులో పనిచేసే నావికుడి భార్య హైమవతి ఒకనాడు అతను పంపిన ఫొటో ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఓడ కమ్మీ మీద ఆరేసిన చొక్కా. 'ఇంట్లో జేబురుమాలు కూడా ఉతకని మహానుభావుడు' అని కింద రాసి నవ్వుకుంది.

కరుణాకర్ చొక్కా చూడలేదు. దాని వెనకున్న కొండని చూశాడు. గంటలో అది ఏ దేశపు రేవో తేల్చి లోకానికి చెప్పాడు.

నాలుగో రోజు ఆ రేవులోనే ఓడ మీద దాడి జరిగింది. పందొమ్మిది మంది పోయారు. చొక్కా ఉతుక్కున్న మనిషి కూడా.

ఊరంతా హైమవతిని తిట్టింది. ఫొటోల సరదా మొగుణ్ణి మింగిందంది. అత్తగారు గుమ్మం తొక్కనివ్వలేదు. లక్షమంది చదివిన కరుణాకర్ రాత మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు. అతను దాన్ని చెరిపేశాడు.

తిండి సహించక, రేవు పక్క కొండ మీది దర్గాకి, తన గురువు బీబమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆడవాళ్ళని సమాధి దాకా రానివ్వరు. సమాధి మీద కప్పే పచ్చ చాదర్ మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆమే ఉతుకుతోంది.

"తప్పు నాదని హైమవతికి చెప్తానమ్మా. ఊరంతా వినేలా చెప్తాను. వెళ్ళనా?"

"ముందు ఈ కొస పట్టుకో నాయనా."

ఇద్దరూ చెరోవైపు మెలిపెట్టి పిండుతుంటే అతని జేబులో ఫోను మోగింది. అలవాటు కొద్దీ చెయ్యి అటు పోయింది. చాదర్ బురదలో పడింది.

అప్పుడే లోపల్నుంచి వచ్చిన దర్గా పెద్ద అది చూసి మండిపడ్డాడు. చేతుల్లో సత్తువ లేనిదానివి ఎందుకు ముట్టుకున్నావని బీబమ్మని అడిగాడు. రేపట్నుంచి మెట్లెక్కొద్దన్నాడు. ఆడదాని చేతికిస్తే ఇంతేనని గొణుక్కుంటూ మెట్లు దిగసాగాడు.

కరుణాకర్ తన కాళ్ళకేసి చూస్తున్నాడు.

బీబమ్మ వంగి చాదర్ తీసి మళ్ళీ బకెట్‌లో ముంచింది.

"ఆయనింకా మెట్ల మీదే ఉన్నాడు," అంది.

కరుణాకర్ నోరు తెరిచాడు. కిందికి దిగుతున్న చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఆగిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.