తవుడమ్మ కొన్న రంపం

అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు కూర్మయ్య గారికి లేదు. ఉద్దానంలో కొబ్బరి తాళ్ళు పేనుకుని బతికిన మనిషి ఆయన. సాయంత్రాలు ఆయన వాకిట్లో తత్వాలు వినడానికి పదిమందిమి చేరేవాళ్ళం. ఎవరేమడిగినా, చేతిలో తాడు ఓ మూర సాగేదాకా పెదవి విప్పేవారు కారు. విప్పినా, చాలాసార్లు ఏదో ఒక పని చెప్పి పంపేసేవారు.

ఢిల్లేశ్వరరావు ఆయన దగ్గరికి నాలుగేళ్ళుగా వస్తున్నాడు. పంచాయతీ ఆఫీసులో గుమస్తా; చదువుకున్నవాడు, కాస్త తొందర మనిషి. ఆ మధ్య పట్నంలో ఒక స్వామి సభకి వెళ్ళి, అక్కడి జనాన్నీ ఆ వాగ్ధాటినీ చూసి మనసు పారేసుకుని వచ్చాడు. కొత్తచోటికి వెళ్ళకుండా ఉండలేడు, ఇక్కడ మానేయనూ లేడు. చివరికి ఒకరోజు దాచుకోకుండా అడిగేశాడు.

"గురువుగారూ, దారి చూపిస్తామనేవాళ్ళు ఇంతమంది ఉన్నారు. ఎవరిని నమ్మాలో ఎలా తెలుస్తుంది?"

కూర్మయ్య గారు నొచ్చుకోలేదు. "రేపు తవుడమ్మ రంపం మిషన్ కొనుక్కోడానికి పలాస వెళ్తోంది. ఆవిడకి షాపుల్లో బేరం కొత్త. తోడు వెళ్ళు," అన్నారు.

తవుడమ్మది మా వీధే. ఆ ఏడాది వచ్చిన తుఫానుకి ఆవిడ తోటలో ఏడు జీడిచెట్లు పడిపోయాయి. ఆ గాలికే ఇంటి పెంకులు జారి మీద పడి మొగుడు దండాసి కుడి భుజం విరిగింది. అతికింది గానీ, గొడ్డలి ఎత్తే చెయ్యి కాకుండా పోయింది. తవుడమ్మ రెండు రోజులు ఏడ్చింది. మూడోరోజు పడిన చెట్లకు దండం పెట్టి, "పడిపోయి కూడా రెండేళ్ళు నా పొయ్యి వెలిగిస్తారు తల్లీ," అంది. కోతవాళ్ళేమో ఊళ్ళన్నీ తిరుగుతూ ఇటు రావడం లేదు. వానలు పడితే కలప చెదల పాలు. అందుకని తానే కోసుకుందామనుకుంది.

పలాసలో మొదటి షాపు పెద్దది. సేల్స్‌మన్ గోడమీది టీవీలో వీడియో పెట్టాడు. మనిషి నడుమంత దుంగ వెన్నముద్దలా తెగిపోతోంది. ఢిల్లేశ్వరరావు కళ్ళు మెరిశాయి. "అప్పా, కొంటే ఇదే కొనాలి," అన్నాడు అక్క వరసలో. తవుడమ్మ ధర విని మెట్లు దిగింది. రెండో షాపులో పేరూ ఊరూ లేని మిషన్లు సగం ధరకే ఉన్నాయి. "పాడైతే ఎలా బాబూ?" అని అడిగింది ఆవిడ. "పాడవదమ్మా, అసలు పాడవదు," అన్నాడు షాపతను. ఢిల్లేశ్వరరావుకి అదీ నచ్చింది. ఆవిడ కొంగుముడి మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది.

మూడోది కొట్టు కూడా కాదు, స్ప్రేయర్లూ నీళ్ళ ఇంజన్లూ బాగుచేసే రేకుల షెడ్డు. నడిపేవాడి పేరు లోకనాథం. అతను మిషన్ చూపించలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. ఏం కలప? ఎంత లావు? ఎవరు పట్టుకుంటారు? పట్టుకునేది తవుడమ్మేనని విని, ఒక పెద్ద మిషన్ ఆవిడ చేతిలో పెట్టి, తన టీ తాగేదాకా అలాగే ఉండమన్నాడు. సగం టీకే ఆవిడ చేతులు వణికాయి. అది తీసుకుని చిన్నది ఇచ్చాడు. టీ అయిపోయినా ఆవిడ నిలబడే ఉంది.

"ఇది పాడవదా?" అని అడిగాడు ఢిల్లేశ్వరరావు.

"పాడవుతుంది. పాడైతే నా దగ్గరికి తెండి, సామాన్లు అదిగో ఆ అరలో ఉన్నాయి. చైన్ మొద్దుబారితే ఆకురాయి పట్టడం నేర్పుతాను."

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేశాడు. కట్టె ఒక్కటి కూడా కోయలేదు. ముందు పిడికి ఎదురుగా ఒక అడ్డు ఉంటుంది. మణికట్టుతో దాన్ని ముందుకు తోస్తే ఇంజన్ మోగుతూనే ఉంటుంది, చైన్ మాత్రం టక్కున నిలిచిపోతుంది. అదొక్కటే తవుడమ్మ చేత చేయించాడు. పదిసార్లు, ఇరవైసార్లు. ఢిల్లేశ్వరరావుకి విసుగొచ్చింది.

"ఏమయ్యా, ఒక్క దుంగైనా కోసి చూపించవా?"

"కోయడం దానికి వచ్చు బాబూ. ఆపడం ఈవిడకి రావాలి."

తవుడమ్మ అదే కొంది. పెద్ద షాపు ధరలో సగానికి కాస్త పైన పడింది.

నెల తిరక్కుండానే నాలుగు చెట్లు పొయ్యిలోకి సరిపడా ముక్కలయ్యాయి. ఆదివారాలు ఢిల్లేశ్వరరావు వెళ్ళి దుంగలు దొర్లించేవాడు. అలాంటి ఒక ఆదివారం, కోస్తున్న దుంగ వెనకున్న కొమ్మ ఆవిడకు కనబడలేదు. రంపం కొస ఆ కొమ్మకి తగిలింది. మిషన్ ఒక్కసారిగా ఎగిరి ఆవిడ ముఖం మీదికి లేచింది. ఢిల్లేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఇంజన్ మోగుతోంది, చైన్ నిలిచి ఉంది. తవుడమ్మ నుదుటికీ దానికీ జానెడు ఎడం. మణికట్టు దానంతటదే అడ్డును తోసేసింది.

ఆవిడ ఇంజన్ కట్టేసి, దుంగ మీద కూలబడి, మంచినీళ్ళు అడిగింది. చెంబు పట్టుకొచ్చిన దండాసి ఎడంచేత్తో ఆవిడ నుదురు తడుముతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు ముగ్గురూ పలాస వెళ్ళారు. వేయించిన జీడిపప్పు డబ్బా లోకనాథం ముందు పెట్టి, తవుడమ్మ అతని నూనె చేతుల్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు నా కడుపున పుట్టకపోయినా నా కొడుకువి, బాబూ," అంది. అతను ఇబ్బందిపడి, పప్పు ఒకటి నోట్లో వేసుకుని, "చైన్ తెచ్చారా? పదును చూస్తాను," అన్నాడు.

ఆ సాయంత్రం ఢిల్లేశ్వరరావు జరిగిందంతా చెప్పాడు. తన మాట విని ఉంటే ఆవిడ ఏమయ్యేదో, అది మాత్రం నోటితో అనలేకపోయాడు. కూర్మయ్య గారు పని పక్కన పెట్టి విన్నారు. విన్నాక అతని ముఖంలోకి చూశారు.

"నాలుగేళ్ళుగా నా దగ్గరికి వస్తున్నావు, ఢిల్లేశూ. నేను నీకు ఆపడం నేర్పానా? నేర్పలేదనిపిస్తే మొహమాటపడకుండా చెప్పు. ఆ లోకనాథం దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం."