బొజ్జయ్య చీపురు

ఏదడిగినా అవుననీ కాదనీ చెప్పే అలవాటు పరదేశి స్వామికి లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని తగిలించి ఊరుకునేవాడు. తెలివైనవాళ్ళు ఆయన్ని ప్రశ్నలడగడం ఎప్పుడో మానుకున్నారు. శిష్యుడు బొజ్జయ్యకు అంత తెలివి ఎక్కడిది! అరవై దాటిన ఆ కోయ ముసలాయన శ్రావణంలో ఒకనాటి పొద్దున స్వామి కాళ్ళ దగ్గర కూలబడి, "సామీ, నా కన్ను మూతపడేలోగా గోగుగుట్ట మళ్ళీ అడవి అవుద్దా?" అని అడిగాడు.

ఆ గుట్టను తగలబెట్టింది అతనే. చైత్రంలో భార్య బుచ్చక్క ఇప్పపూలు ఏరుకోవాలంటే నేల కనబడాలని, అందరూ చేసే పనే కదా అని, గుట్ట మీది ఇప్పచెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టాడు. గాలి తిరిగింది. గుట్ట మూడు రోజులు మండింది. మరుసటేడు అదే కాలంలో బుచ్చక్క చావుమంచం మీద, "ఇప్పపూల వాసన వస్తాందా?" అని అడిగితే, లేదనలేక వస్తాందన్నాడు. ఆ అబద్ధం అతన్ని ఇంకా తినేస్తూనే ఉంది.

పదకొండేళ్ళుగా గుట్ట అడుగున మొక్కలు నాటాడు, కావడితో నీళ్ళు మోశాడు, ముడులేసిన తాడుతో ఏటా వాటి ఎత్తు కొలిచాడు. నిప్పంటే హడలు కదా, రాలిన ఆకును రాలినట్టే ఊడ్చేసేవాడు. పెళ్ళివారి వాకిలైనా అంత శుభ్రంగా ఉండదు. చెట్లు తలెత్తు దాటాయి గానీ వాటి కింద ఒక్క మొలకైనా రాలేదు. కాలిన గుట్ట పైకి మాత్రం, మొహం చెల్లక, అతను ఒక్కనాడూ ఎక్కలేదు.

"చీపురు పట్టుకుని రా," అంటూ స్వామి లేచి గుట్టెక్కాడు.

పైన ఆ పాత ఇప్పచెట్టు ఒక పక్క మాడిపోయి, ఒక పక్క పచ్చగా నిలబడి ఉంది. బొజ్జయ్య ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ, మందంగా పేరుకున్న ఆకుల మీద చీపురు వెయ్యబోయాడు. స్వామి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చేత్తో తియ్యి."

తీశాడు. అడుగున ఆకు కుళ్ళి నేల మెత్తగా, తడిగా ఉంది. అందులోంచి లేత రాగిరంగు ఆకులతో ఇప్పమొలకలు! చెయ్యి పెట్టిన చోటల్లా ఉన్నాయి. బొజ్జయ్య చేతిలోని చీపురును చూసుకున్నాడు, కింద నున్నగా మెరుస్తున్న తన నేలను చూశాడు. "అయ్యో, పదకొండేళ్ళు సామీ!" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడుస్తూ ఏడుస్తూ చటుక్కున తలెత్తాడు. "మొలకలున్నాయంటే కాయ రాలినట్టే. కాయ రాలిందంటే... ఇది పూస్తానే ఉందా సామీ? ఇన్నేళ్ళూ? బుచ్చక్క అడిగిననాడు కూడా?"

స్వామి అవుననలేదు, కాదనలేదు. గుట్ట దిగుతూ వెనక్కి తిరిగి, "చైత్రంలో మళ్ళీ రా బొజ్జయ్యా," అన్నాడు. "ఆ చీపురు మాత్రం తేకు."