అవునన్న ఊరు

అనగనగా ఒక రాజ్యం. అక్కడ రాజుంటాడు, కానీ ఏడాదికోసారి ఊరంతా కుండలో గులకరాళ్లు వేసి సరేనంటేనే ఉంటాడు. పాతరాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శీలవర్మ తీర్పులు చెప్పేవాడు. నడిమివాడు ఘోషవర్మ, రాజు తప్పుచేస్తే డప్పు కొట్టి వీధివీధికీ చాటేవాడు. చిన్నవాడు మణివర్మ ఆ కుండకి కాపలా.

ఒక ఏడు జటాముఖుడనే మాంత్రికుడొచ్చి ఇంటింటికీ నేతిలడ్డూలు పంచాడు. "నేనంటే మీరే, మీరంటే నేనే!" అన్నాడు. జనం మురిసిపోయి రాళ్లన్నీ వాడికే వేశారు. వేస్తే వేశారు, ఆ తర్వాత వినండి!

వాడు ఒక రైతు పొలం లాక్కుంటే, "తప్పు, తిరిగిచ్చెయ్" అని శీలవర్మ తీర్పిచ్చాడు. మాంత్రికుడు జనంవైపు తిరిగి, "మీ రాజుకి అడ్డుచెప్పడానికి వీడెవడు? బండరాయిని చేసెయ్యనా?" అన్నాడు. "అవునవును!" అన్నారు జనం, లడ్డూలు నములుతూ. అంతే, శీలవర్మ బండరాయి! ఆ అన్యాయం చాటుదామని ఘోషవర్మ డప్పందుకున్నాడు. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ "అవునవును!" అతనూ బండరాయే.

"ఏటేటా మీకీ శ్రమెందుకు? పున్నమినాడు కుండ పగలగొట్టేస్తా" అన్నాడు మాంత్రికుడు.

మణివర్మ వాణ్ణి ఆపే దారి వెతుకుతూ బయల్దేరాడు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని ఒక కాకి చెప్పింది. తాబేలు వీపెక్కి ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. దాటినంతసేపూ ఒకటే బెంగ. పున్నమి దగ్గరపడుతోంది, అన్నలు ఏమైపోతారో!

అక్కడ చిలక కనిపించింది. పీక పట్టుకోగానే అది, "నన్ను చంపితే వాడు చస్తాడు బాబూ, మీ అన్నలు మాత్రం లేవరు. మంత్రం వాడిదే, దానికి బలమిచ్చింది మీవాళ్ల 'అవును'. వాళ్లే 'కాదు' అనాలి" అంది.

పున్నమినాటి పొద్దున్నే తిరిగొచ్చేసరికి మాంత్రికుడు రోకలెత్తి, "పగలగొట్టనా?" అంటున్నాడు.

"కాదనండి! మా అన్నల ప్రాణాలు మీ నోట్లో ఉన్నాయి!" అని మణివర్మ చిలకని పైకెత్తి అరిచాడు.

అందరి చూపూ ఆ రెండు బండరాళ్ల మీదే. చివరికి గాజులమ్మే నాంచారమ్మ, "నాకూ భయమే నాయనా. అయినా కాదు!" అంది. అంటుండగానే మాంత్రికుడు పాత 'అవును'ల బలంతో మంత్రమేశాడు, ఆమె పాదాలు రాయవుతున్నాయి.

"అయ్యో, అవ్వా! కాదు, కాదు!" అని మనవరాలు రత్నమాల గొంతెత్తింది. పొలం పోయిన రైతు అన్నాడు, కుమ్మరి అన్నాడు, వీధి వీధంతా అంది. ఒక్కో "కాదు"కీ చిలక ఈక ఒక్కొక్కటీ రాలింది. ఆఖరి ఈక రాలేసరికి మాంత్రికుడు కుప్పకూలాడు.

అవ్వ పాదాలు కదిలాయి, అన్నలిద్దరూ లేచారు. మణివర్మ రత్నమాలని పెళ్లాడాడు. ఏటేటా ఊరు సరేనంటూ ఉంటే చాలాకాలం రాజ్యమేలాడు.

కానీ పిల్లలూ, శీలవర్మ కుడిచెయ్యి మాత్రం రాయిగానే ఉండిపోయింది. ఆ రోజు కొందరు నోరు మెదపలేదు మరి. ఎవరా అని ఊళ్లో అడిగి చూడండి, ప్రతివాడూ "అందరికంటే గట్టిగా అరిచింది నేనే" అంటాడు.