గిజిగాడి సగం గూళ్ళు

ఒకప్పుడు గిజిగాళ్ళకు వేలాడే గూళ్ళు లేవు. మిగతా పిట్టల్లాగే కొమ్మ మీద నాలుగు పుల్లలు పేర్చుకుని అదే ఇల్లనుకునేవి. వానాకాలం గాలికి ఆ పుల్లలు చెల్లాచెదురయ్యేవి. గుడ్లు కిందపడి పగిలిపోయేవి.

చెరువు గట్టున ఓ ఈతచెట్టు మీద గరికమ్మ అనే తల్లి గిజిగాడు ఉండేది. దానికి ఒక్కడే కొడుకు, పసుపయ్య.

ఒకరోజు పసుపయ్య ఆటగా ఓ గడ్డిపోచను ఈతాకుకు చుట్టి ముక్కుతో లాగాడు. ముడి పడింది! అంతవరకూ ఏ గిజిగాడికీ ముడి వెయ్యడం రాదు.

గరికమ్మ సంబరం చూడాలి! "నా బంగారుకొండ! ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. వీడంత తెలివైనవాడు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేడు!" అని చెట్టుచెట్టుకూ తిరిగి చెప్పొచ్చింది.

పసుపయ్య ఛాతీ ఉబ్బిపోయింది. "అమ్మా, నీకు గాలికి ఊగే గూడు అల్లిపెడతా. గుడ్లు ఇక పడవు" అన్నాడు.

అల్లడం మొదలుపెట్టాడు. సగంలో గూడు పుటుక్కున తెగి చెరువులో పడింది. కప్పలు బెకబెకా నవ్వాయి.

ఇక పసుపయ్య గడ్డి ముట్టలేదు. అమ్మ అడిగితే "ముక్కు నొప్పి" అనేవాడు. "ఈ గడ్డేం బాలేదు" అనేవాడు. ఎవరూ చూడనప్పుడు మాత్రం కాస్త అల్లేవాడు. వంకర పోగానే నీళ్ళలోకి తోసేసేవాడు.

మబ్బులు కమ్ముకొస్తున్నాయి. గరికమ్మ గుడ్లు పెట్టే వేళయింది. దానికి ఒకటే దిగులు.

ఆ సాయంత్రం పసుపయ్య ఓ నత్తతో చెప్పుకుంటుంటే గరికమ్మ చెవిన పడింది.

"మళ్ళీ తెగిపోతే నాకు తెలివి లేదని అందరికీ తెలిసిపోతుంది. అల్లకుండా ఉంటే తెలియదుగా?"

గరికమ్మ గుండె కలుక్కుమంది. 'అయ్యో, తెలివైనవాడన్న ఆ మాట బరువు వాడి నెత్తిన పెట్టింది నేనే కదా!' అనుకుంది.

గబగబా చెరువు దగ్గరికి వెళ్ళి, తేలుతున్న తెగిన గూటిని లాక్కొచ్చింది. అందరికీ కనబడేలా ఈతమట్టకు తగిలించింది.

"అమ్మా, తీసెయ్! సిగ్గుగా ఉంది" అన్నాడు పసుపయ్య.

"సిగ్గెందుకురా? ఈ ముడి చూడు, నీళ్ళలో నానినా ఊడలేదు. ఎలా వేశావు?"

పసుపయ్య బెరుకుగా దగ్గరికొచ్చాడు. "పోచను మెలితిప్పి, కిందనుంచి దూర్చి లాగాను."

"అబ్బ, ఎంత ఓపికగా దూర్చావు! మరి తెగిందెక్కడ?"

"ఇదిగో, గూడు వేలాడే మెడ దగ్గర." పసుపయ్య వంగి చూశాడు. "ఎండుగడ్డి వాడాను, అందుకే విరిగింది. అమ్మా, పచ్చిగడ్డి తేనా?"

అంటూనే తుర్రుమన్నాడు.

పచ్చిగడ్డి గూడు తెగలేదు కానీ ఓ పక్కకు ఒరిగింది. "భలే, ఈసారి మెడ నిలిచింది!" అంది గరికమ్మ. దాన్నీ అక్కడే ఉంచారు. తర్వాతిదానికి వాకిలి పైకి తిరిగింది. "వాన లోపలికొస్తుందే!" అని ఇద్దరూ పడీపడీ నవ్వారు. పసుపయ్య మళ్ళీ గడ్డికి పరుగెత్తాడు.

పెద్దవాన రానే వచ్చింది. కొమ్మల మీది పుల్లల గూళ్ళన్నీ కొట్టుకుపోయాయి. వాకిలి కిందికి పెట్టి అల్లిన పసుపయ్య గూడు మాత్రం ఉయ్యాలలా ఊగింది. లోపల గరికమ్మా గుడ్లూ వెచ్చగా ఉన్నాయి.

వాన వెలిశాక గిజిగాళ్ళన్నీ మూగాయి. "మీవాడు పుట్టుకతోనే తెలివైనవాడమ్మా!" అన్నాయి.

గరికమ్మ తల అడ్డంగా ఊపింది. "కాదు. వాడెన్ని తంటాలు పడ్డాడో ఆ సగం గూళ్ళను అడగండి."

పసుపయ్య ఏమాత్రం సిగ్గుపడలేదు. ఒక్కొక్క గూడూ చూపిస్తూ ఎక్కడ తెగిందో, ఎందుకు ఒరిగిందో చెప్పాడు. కుర్ర గిజిగాళ్ళు వింటూనే గడ్డి కోసం పొలాల మీదికి ఎగిరాయి.

అప్పటినుంచే గిజిగాడు తన నిండు గూటి పక్కనే సగం గూళ్ళనూ వేలాడదీస్తున్నాడు, ఏ ఒక్కటీ దాచుకోకుండా.